యాభై ఏడో నిమిషం

సోమవారం మధ్యాహ్నం బాంగర్ నుంచి వచ్చిన వ్యానులో
మూడే మూడు టేపులు.
ఏడాదిన్నరగా ఎదురుచూసిన ఊరికి, మూడు.
మా పలకరాళ్ళ గుట్టల్లో తీసిన సినిమా మరి.
మా క్వారీయే అందులో పరాయి గ్రహం.
మేం తిట్టుకుంటూ తడిసే వానే అక్కడి విషపు వాన.
సినిమా హాలు మూతబడి తొమ్మిదేళ్ళు,
ఇప్పుడందులో తివాచీలు అమ్ముతారు.
లండన్‌లో ఎప్పుడో ఆడి వెళ్ళిపోయినదానికి
వేల్స్‌లో ఈ మూల ఆవేళే మొదటి ఆట.

నా కొట్టు ముందు గొడుగుల వరస, చాపెల్ మెట్ల దాకా.
అట్టపెట్టె మీద నిప్పులు కక్కే ఓడ,
చిరిగిన చొక్కాలో వీరుడు,
వెనక మూలన బొటనవేలంత మా కొండ.
"అదిగో మా గొర్రెల దొడ్డి" అని హ్యూలిన్ వేలు పెట్టి చూపించాడు,
వేలిముద్ర అక్కడే ఉండిపోయింది.

ఒకటి బడి మాస్టరుకి,
ఒకటి పబ్బుకి,
మూడోది నెస్టా పారీ పట్టుకుపోయింది.
ఆవిడింట్లో టేపు ఆడించే పెట్టె లేదే అనుకున్నాను.
పెట్టె కూడా అద్దెకు తెచ్చుకుందట, పింఛను డబ్బుల్లోంచి.

రాత్రికి ఒక పౌను అద్దె. ఆలస్యమైతే రోజుకి ఇరవై పెన్నీలు.
పదకొండు రోజులకి తెచ్చింది.
నాణేలు బల్ల మీద పేర్చింది, మాటా పలుకూ లేదు.
"వెనక్కి తిప్పి ఇవ్వండి" అని చీటీ అంటించానా,
తిప్పలేదు. టేపు సగంలో ఆగి ఉంది.
మళ్ళీ పట్టుకెళ్ళింది. మళ్ళీ సగంలోనే.
నాలుగోసారి సణిగాను, ఆవిడకి వినబడేట్టే.
ఈలోగా జనం ఫిర్యాదులు:
గుహ సీను దగ్గర తెరంతా మంచు కురుస్తోందని,
గీతల వెనక భూతం కనబడటం లేదని.

కొట్టు మూసి, వేసి చూశాను.

యాభై ఏడో నిమిషం.
గుహలో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతాయి.
వీరుడు కదలడు.
అప్పుడు వినబడుతుంది భూతం ఊపిరి:
పలకల గుట్ట మీంచి ఒక రాయి జారి,
ఆగి,
మళ్ళీ జారినట్టు.
చివర్న సన్నటి ఈల.

ఆ ఈల నాకు తెలుసు.
చాపెల్‌లో మూడో బెంచీ, ప్రార్థనకీ ప్రార్థనకీ మధ్య.
ఇడ్వాల్ పారీ.
నలభై రెండేళ్ళు రాయి చీల్చి
ఎవరెవరి ఇళ్ళకో కప్పులు పంపి
దుమ్ము మాత్రం తన ఛాతీలో దాచుకున్నవాడు.
షూటింగు రోజుల్లో, శబ్దాలు పట్టే కుర్రాడొకడు
టీ బండి దగ్గర పక్కన కూచుని
"తాతా, ఈ మైకులోకి కాస్త ఊపిరి తీస్తావా" అన్నాడట.
పది పౌన్లిచ్చాడు. సిగరెట్ పెట్టె కూడా.

పరిహారం కోసం వెళ్ళిననాడు
ఛాతీ మీద గొట్టం ఆనించిన కంపెనీ డాక్టరుకి
ఏమీ వినబడలేదు.
హాళ్ళలో వేలమంది కుర్చీ చేతులు బిగపట్టి విన్నారు.

ఫిబ్రవరిలో ఇడ్వాల్ పోయాడు.
టేపు వచ్చింది జూన్‌లో.

పక్కింటి మెగన్ చెప్పింది:
రాత్రి పదయ్యేసరికి గోడ అవతల భూతం బుస మొదలవుతుంది,
పిల్లలు దుప్పట్లో దూరతారు,
కాసేపటికి నెస్టా గురక వినబడుతుంది.

రిజిస్టరు తీసి మూడో టేపుకి ఎదురుగా
"పోయింది" అని రాశాను.
కంపెనీకి అరవై రెండు పౌన్లు నేనే కట్టాను, మూడు వాయిదాల్లో.
ఆవిడకి చెప్పలేదు.
అయినా శుక్రవారం వచ్చింది, గొడుగు దులిపి,
ఇరవై పెన్నీల బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ,

"ఈల అరిగిపోయిందబ్బాయ్.
ఊపిరి ఇంకా ఉంది.
ఆ పబ్బువాళ్ళ టేపు ఎలా ఉందేం?"